పోచంపల్లి ఇక్కత్: పడుగు చిటికీయా, పేక చిటికీయా, డబులా? ఏది మేలు?

ఇక్కత్ చీరల షాపులో ధర పెరిగే చోట తప్పకుండా వినిపించే మాట ఒకటుంది: "ఇది డబుల్ ఇక్కత్ మేడమ్." దాంతో కొనేవాళ్లు కూడా అలాగే లెక్క వేసుకుంటారు. డబ్బులుంటే డబుల్, లేకపోతే సింగిల్ అని. ఈ లెక్క సరైంది కాదని నా అభిప్రాయం. పడుగులో, అంటే నిలువు దారాల్లో, చిటికి (రంగు అంటకుండా వేసే కట్టు) కట్టిన బట్ట, పేకలో, అంటే అడ్డ దారాల్లో, కట్టిన బట్ట (ఈ రెండూ సింగిల్), రెండింట్లోనూ కట్టిన డబుల్ బట్ట, ఈ మూడూ ఒకే నిచ్చెన మీది మెట్లు కావు. దేని పని దానిది. రోజూ కట్టే కాటన్ చీరకి, కుర్తా గుడ్డకి, దుప్పటికి పడుగు చిటికీనే మేలు. పట్టుచీరకి పేక చిటికి మేలు. డబుల్ ఇక్కత్ కొనాల్సిన సందర్భం వేరు.

చీర చేతిలోకి తీసుకునే ముందు పని ఎలా జరుగుతుందో తెలిస్తే ఎంచుకోవడం తేలిక. ఇక్కత్‌లో రంగు బట్ట మీద వేయరు, నేయకముందే నూలుకి వేస్తారు. మగ్గం మీద నిలువుగా సాగేది పడుగు, నాడెతో అడ్డంగా పోయేది పేక. డిజైన్ ప్రకారం దారాల కట్టల మీద గుర్తులు పెట్టుకుని, రంగు అంటకూడని చోట రబ్బరు పట్టీలు బిగించి కడతారు. ఈ కట్టే చిటికి. సైకిల్ ట్యూబులు కోసిన పట్టీలే చాలా ఇళ్లలో కనిపిస్తాయి. తర్వాత రంగులో ముంచుతారు. కట్టిన చోట పాత రంగు అలాగే ఉంటుంది. ఇంకో రంగు కావాలంటే కొన్ని కట్లు విప్పాలి, కొన్ని కొత్తగా వేయాలి, మళ్లీ ముంచాలి. డిజైన్‌లో రంగులు పెరిగేకొద్దీ ఈ పని పెరుగుతూ పోతుంది. భూదాన్ పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం లాంటి ఊళ్లలో నేతగాడు మగ్గం ఎక్కేసరికే ఇంటిల్లిపాది చేతులూ ఆ నూలు మీద పడి ఉంటాయి.

పడుగు చిటికి సంగతి చూద్దాం. ఒక పడుగు ఒక్క చీరకే వేయరు, సాధారణంగా ఆరేడు చీరలకు సరిపడా వేస్తారు. అంటే ఒకసారి పడ్డ చిటికి శ్రమ అన్ని చీరల మీదా పంచుకుంటుంది. నేసేటప్పుడు పేక ఒకే రంగు కాబట్టి ప్రతి పోగూ సరిచూసుకునే పని ఉండదు, నేత మామూలు వేగంతో సాగుతుంది. అందుకే ధర అందుబాటులో ఉంటుంది. తక్కువ ధరకి కారణం ఇదే గానీ పని నాసిరకం కావడం కాదు. కష్టమంతా మగ్గం ఎక్కకముందే ఉంది. రంగు వేశాక కట్లు విప్పి, పడుగుని బారుగా చాపి, గంజి పెట్టి, మగ్గానికి ఎక్కించేలోపు దారాలు పక్కదారాలతో వరస తప్పకూడదు. అక్కడ కొంచెం జారిందా, ఆ తప్పు ఆ పడుగులోని చీరలన్నింటిలోనూ కనిపిస్తుంది.

పడుగు చిటికీకి పరిమితి కూడా ఉంది. డిజైన్ నిలువు వరసల్లో బాగా వస్తుంది. బాణం మొనలు, మెట్లు మెట్లుగా దిగే గీతలు, వజ్రాల వరసలు దీనికి బాగా కుదురుతాయి. నెమలి మెడ వంపు, ఏనుగు తొండం అంత నునుపుగా రావు. కానీ కుర్తాకో, దుప్పటికో, తలగడ గలేబుకో ఆ వంపులెందుకు? కొయ్యలగూడెం దుప్పట్లు చూడండి, పెద్ద పెద్ద గళ్లు, మొనలు, నాలుగు రంగులు, మంచం నిండుగా ఉంటాయి. ఇంకో లాభం కూడా చెప్పాలి. డిజైన్ పొడవునా ఒకే క్రమంలో సాగుతుంది కాబట్టి కుట్టేటప్పుడు ముందు ముక్కకీ వెనక ముక్కకీ జత కలపడం టైలర్‌కి సులువు.

ఒక జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. పేకలో సర్దుబాటు లేదు కాబట్టి, చిటికి కట్టిన పడుగుని పవర్‌లూమ్ మీదకి ఎక్కించడం సాధ్యమే. పేక చిటికీని అలా చేయడం చాలా కష్టం, ఎందుకంటే ప్రతి పోగునీ కళ్లతో చూసి సర్దే మనిషి కావాలి. అందుకని పడుగు చిటికి కొనేటప్పుడే హ్యాండ్‌లూమ్ మార్క్ ఉందో లేదో ఎక్కువగా చూడాలి.

ఇక పేక చిటికి. దీని మొదలు ఆసు దగ్గర. అర్ధచంద్రాకారంలో మేకులున్న చట్రం మీద పేక నూలుని ఒక్కో పోగే వరసగా పోయడాన్ని ఆసు పోయడం అంటారు. ఒక్క చీరకి చెయ్యి దాదాపు 9 వేల సార్లు ఇటూ అటూ ఆడాలి. ఈ పని తరతరాలుగా ఇంట్లో ఆడవాళ్లే చేశారు, భుజాలు పట్టేసినా చేశారు. తల్లి లక్ష్మి పడే ఆ బాధ చూడలేకే ఆలేరు దగ్గరి శారాజీపేటకి చెందిన చింతకింది మల్లేశం ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రం తయారుచేసి, దానికి ఆమె పేరే పెట్టారు. నాలుగైదు గంటల పని గంటన్నరకి వచ్చింది. 2017లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. చేనేతకి యంత్రమేమిటని ముఖం చిట్లించేవాళ్లు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి. నేత చేతితోనే సాగుతోంది, ఆ యంత్రం తగ్గించింది భుజం నొప్పిని.

ఆసు మీద పోశాక చిటికి కడతారు, రంగు వేస్తారు, వరస చెదరకుండా కండెలకు చుడతారు. ఆ తర్వాత అసలు నైపుణ్యం మగ్గం దగ్గర. నాడె వేసిన ప్రతిసారీ నేతగాడు పోగుని కొంచెం ఇటో అటో లాగి, కిందటి పోగులోని బొమ్మ అంచుతో కలిపి, అప్పుడు కొడతాడు. బొమ్మ ఎంత స్పష్టంగా వచ్చిందన్నది ఆ చేతిలో ఉంది. ఇలా లాగి సర్దడం వల్ల చీర అంచు పక్కన చిన్న చిన్న దారపు మడతలు కనబడతాయి. వాటిని చూసి లోపం అనుకుని పక్కన పెట్టేవాళ్లున్నారు. నేనైతే అవి కనబడితే సంతోషిస్తాను.

పట్టుచీరకి పేక చిటికీ మేలని ఎందుకంటున్నానంటే, పేకని ఎక్కడ కావాలంటే అక్కడ మార్చవచ్చు. ఒంట్లో ఒక డిజైన్, పల్లులో పూర్తిగా వేరే డిజైన్ వస్తుంది. చిలకలు, నెమళ్లు, ఏనుగులు, వంపు తిరిగిన తీగలు వస్తాయి. పడుగు ఒకే రంగు కాబట్టి చీర మొత్తానికి ఒక మెరుపు నిలిచి ఉంటుంది. పెళ్లికి కట్టే పట్టుచీరలో మనం వెతికేది పల్లు అందమే కదా. అదే ధరకి అరకొర డబుల్ కంటే మంచి పేక చిటికి తీసుకోవడం ఎన్నో రెట్లు నయం.

అరకొర డబుల్ అన్నాను, దాని గురించి చెప్పాలి. పడుగులోనూ చిటికి, పేకలోనూ చిటికి ఉన్నంత మాత్రాన అది డబుల్ ఇక్కత్ కాదు. పడుగులోని ఎరుపు మీదే పేకలోని ఎరుపు వచ్చి పడాలి, తెలుపు మీద తెలుపు పడాలి, అలా బొమ్మ కూర్చుకోవాలి. అంచులో పడుగు చిటికి, ఒంట్లో పేక చిటికి విడివిడిగా ఉండే చీరని కంబైన్డ్ ఇక్కత్ అంటారు. అది కూడా మంచి చీరే, కానీ డబుల్ ధర పెట్టాల్సింది కాదు. గుజరాత్‌లో పాటన్ పటోలా, ఇండోనేషియాలో బాలి దీవిలోని తెంగనాన్ గ్రామపు గెరింగ్‌సింగ్, జపాన్ ఇక్కత్ అయిన కసూరిలో కొన్ని రకాలు, నూనె పట్టించిన నూలుతో నేసే మన పుట్టపాక తేలియా రుమాల్. నిజమైన డబుల్ ఇక్కత్ నేసే చోట్లు ప్రపంచంలో ఇలా వేళ్ల మీద లెక్కపెట్టదగినన్నే.

మరి చీర చేతిలో ఉన్నప్పుడు తేడా ఎలా పట్టుకోవాలి? ముందు బొమ్మ అంచు చూడండి. ఇక్కత్‌లో అంచు కత్తితో కోసినట్టు ఉండదు, కొంచెం చెదిరి ఉంటుంది. ఆ చెదురు పైకీ కిందికీ, అంటే చీర పొడవు వైపు ఉంటే పడుగు చిటికి. పక్కలకి, అంటే అడ్డంగా ఉంటే పేక చిటికి. నాలుగు వైపులా ఉంటే డబుల్ కావచ్చు. అప్పుడు ఫోన్ కెమెరాని బాగా దగ్గరికి తెచ్చి జూమ్ చేయండి. ఎర్ర నేల మీద తెల్ల చుక్క ఉందనుకుందాం. పడుగు చిటికీలో ఆ చుక్క నిలువు దారాలు తెల్లగా ఉంటాయి గానీ, వాటిని దాటే అడ్డ దారాలు ఎర్రగానే ఉంటాయి. కాబట్టి దూరం నుంచి ఆ తెలుపు గులాబీ రంగులోకి దిగిపోతుంది. పేకని తెల్లగా పెట్టి నేస్తే చుక్క తెల్లగా వస్తుంది, కానీ అప్పుడు నేల ఎరుపు పలచబడుతుంది. ముదురు ఎరుపూ, మచ్చలేని తెలుపూ ఒకే బట్టలో పక్కపక్కన ఉన్నాయంటే నిలువూ అడ్డమూ రెండూ అక్కడ కలిశాయన్నమాట. అదే డబుల్ ఇక్కత్. ఇంత సూటిగా తేల్చే పరీక్ష నాకు తెలిసి ఇంకొకటి లేదు. ఇక ప్రింట్ అయితే వెనక్కి తిప్పితే సాధారణంగా వెలవెలబోతుంది. ఒక దారం లాగి చూస్తే ఒక పక్కనే రంగు కనిపిస్తుంది. దాన్ని ఇక్కత్‌తో పోల్చాల్సిన పనే లేదు.

పోచంపల్లి ఇక్కత్‌కి 2004-05లోనే భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది, తేలియా రుమాల్‌కి 2020లో వచ్చింది. జీఐ ట్యాగ్ ఊరి సంగతి చెబుతుంది, హ్యాండ్‌లూమ్ మార్క్ మగ్గం సంగతి చెబుతుంది, సిల్క్ మార్క్ పట్టు సంగతి చెబుతుంది. సింగిలా డబులా అన్నది ఏ లేబులూ చెప్పదు. దారం చూడాల్సిందే.

డబుల్ ఇక్కత్ ఎప్పుడు కొనాలి? దాచుకోవడానికి, కూతురికి ఇవ్వడానికి, లేదా ఆ పనిని గౌరవించి మన ఇంట్లో ఒకటి ఉండాలనిపించినప్పుడు. ఎక్కువ రోజులు మన్నుతుందని మాత్రం కొనకండి. మన్నిక నూలు బట్టీ, రంగు బట్టీ ఉంటుంది గానీ చిటికి ఎన్ని వైపులా కట్టారన్నదాన్ని బట్టి ఉండదు. కొంటే తేలియా వైపు చూడండి అంటాను. ఒకప్పుడు చీరాలలో పుట్టిన పని ఇది. నూలుని నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో మళ్లీ మళ్లీ నానబెట్టి ఆరబెడతారు. రోజుల తరబడి సాగే ఈ తంతు వల్ల నూలు రంగుని గట్టిగా పట్టుకుంటుంది. ఎరుపు, నలుపు, తెలుపు, ఈ మూడే రంగులు. రుమాళ్లు అరబ్ దేశాలకి ఎగుమతి అయ్యేవి. అక్కడి ఎండల్లో తలకి చుట్టుకోవడానికి నూనె పట్టిన ఆ గుడ్డ చల్లగా ఉండేది. గడియారం, విమానం బొమ్మలు కూడా చిటికీలోనే నేశారు. పుట్టపాకలో ఈ పని నిలబడింది. గజం గోవర్ధన్‌కి 2011లో, గజం అంజయ్యకి 2013లో పద్మశ్రీ వచ్చింది. కొత్త తేలియాకి కొంచెం నూనె వాసన ఉంటుంది, దాన్ని చూసి భయపడొద్దు.

రంగుల విషయం కూడా కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే మూడింట్లో ఏది కొన్నా అది చెడగొట్టగలదు. కాటన్ ఇక్కత్‌లో వ్యాట్ అనే రకం రంగులు ఉతుకుకీ ఎండకీ బాగా నిలుస్తాయి. నాఫ్తాల్ అనే ఇంకో రకంలోని ఎరుపులు, మెరూన్లు చూడ్డానికి చిక్కగా ఉంటాయి గానీ పని సరిగ్గా జరక్కపోతే రుద్దితే వదులుతాయి. తడిపిన తెల్ల రుమాలుతో అంచు మీద గట్టిగా రుద్దండి, ఏ షాపు అయినా దీనికి అభ్యంతరం చెప్పకూడదు. సహజ రంగులైతే నీలిమందు మొదట్లో కొంచెం వదలడం మామూలే. పట్టుచీరని మొదటిసారి డ్రై క్లీనింగ్‌కే ఇవ్వండి.

సొంతంగా చిన్న మగ్గం పెట్టుకుని నేర్చుకుంటున్నవాళ్లకి, ముఖ్యంగా విదేశాల్లో ఉన్న మనవాళ్లకి, నా సలహా వేరు. చిటికీతో మొదలుపెట్టకండి. అక్కడి నేత క్లాసుల్లో నేర్పే పెయింటెడ్ వార్ప్ పద్ధతి తీసుకోండి. కాటన్ పడుగుని సోడా యాష్ నీళ్లలో నానబెట్టి, చాపి, రియాక్టివ్ రంగుని కుంచెతో నేరుగా పూసి, ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి ఒక రోజు ఉంచి కడగడమే. రంగు పాకుతుంది కాబట్టి గట్టి అంచున్న బొమ్మ రాదు, ఒక రంగులోంచి ఇంకో రంగులోకి జారే అందం వస్తుంది. పేకకి సన్నటి, ముదురు రంగు దారం వాడి, పడుగు దారాలు దగ్గర దగ్గరగా వేస్తే పడుగు రంగులు బాగా పైకి తేలతాయి. స్కార్ఫ్‌కి ఇది చాలు. పడుగు జారకుండా మగ్గానికి ఎక్కించడం చేతికి అలవాటయ్యాక నాలుగు దారాల కట్టకి చిటికి కట్టి చూడండి. రబ్బరు పట్టీ వదులైతే రంగు లోపలికి ఎలా పాకుతుందో అప్పుడు తెలుస్తుంది. పట్టీ చివర మడత కిందికి దోపి, ఇంకో చుట్టు బిగించి మళ్లీ ముంచండి.