తనంతట నల్లబడే వెల్డింగ్ హెల్మెట్: చాన్నాళ్ళు వాడినాక

ఆటో డార్క్ హెల్మెట్ లేకపోయుంటే నేను వెల్డింగ్ నేర్చుకునేవాణ్ని కాదు. ఈ మాట నాకు పని నేర్పిన చిత్తూరు మేస్త్రీ దగ్గర అంటే ఒప్పుకోడు. చేత్తో పట్టుకునే స్క్రీన్, అందులో ఒక నల్ల అద్దం, ఆయనకు అది చాలు. "పని వచ్చినాక ఏది పెట్టుకున్నా ఒకటే అబ్బా" అంటాడు. పని వచ్చినాక సరే, వచ్చేదాకా ఏం చేయాలన్నదే నా గొడవ.

నాది బంగారుపాళ్యం పక్కన చిన్న మామిడి తోట, దాంతోపాటు కొన్ని ఆవులు. కొట్టానికి గేటు, మేత తొట్టికి స్టాండు లాంటివి నేనే చేసుకుందామని ఇన్వర్టర్ వెల్డింగ్ మిషన్ కొన్నాను. మిషన్ గురించి రాసేదేమీ లేదు. వోల్టేజీ పడిపోతే మా ఊళ్ళో అన్ని మిషన్లూ ఒకే తీరుగా మొరాయిస్తాయి.

కొత్తవాడికి అసలు కష్టం నిప్పురవ్వలతో కాదు, ఏమీ కనబడకపోవడంతో. మామూలు నల్ల అద్దంలో ఆర్క్ (వెల్డింగ్ రాడ్‌ను ఇనుముకు గీస్తే లేచే మెరుపు మంట) వెలిగేదాకా చీకటే. రాడ్ కొనను జాయింటు మీద ఆనించి, స్క్రీన్ మొహానికి అడ్డం తెచ్చుకునేలోపు చెయ్యి అంతో ఇంతో జరిగిపోతుంది. గీసిన చోట వెలగదు, వెలిగిన చోట మనకు అక్కర్లేదు. పలచటి స్క్వేర్ పైపు అయితే తేరుకునేలోపే బొక్క. ఈ హెల్మెట్‌లో ఆర్క్ లేనంతసేపు అద్దం లేత పచ్చగా ఉంటుంది, రాడ్ కొన, జాయింటు గీత రెండూ కనబడతాయి. గీసిన క్షణంలో, రెప్ప వేసేదానికంటే ఎంతో ముందే, నల్లబడుతుంది. పన్నెండు గేజ్ రాడ్‌తో 70, 80 ఆంపియర్ల మీద పని చేసేటప్పుడు షేడ్ (అద్దం నలుపు నంబరు) 10 పెడతాను, పది గేజ్ రాడ్‌తో 100 దాటితే 11. అంతకుమించి దాని నాబులతో నాకు పని లేదు. నా టాక్‌లు (ముక్కలు కదలకుండా ముందు వేసే చుక్క అతుకులు) అనుకున్న చోట పడటం మొదలైంది ఈ హెల్మెట్ వచ్చినాకే. రెండో చెయ్యి ఖాళీ అవుతుంది కాబట్టి కుడి మణికట్టుకు ఆసరా ఇవ్వొచ్చు, వణుకు సగం తగ్గుతుంది. చత్వారం కళ్ళజోడు మీద కూడా ఇబ్బంది లేకుండా కూర్చుంటుంది. మే నెల ఎండలో మాత్రం నుదుటి పట్టీ చెమటతో నానిపోతుంది, మెడ లాగుతుంది.

ఇక దాని మీద నాకున్న కోపం. డబ్బా మీద పెద్ద అక్షరాలతో సోలార్ అని ఉంది. బ్యాటరీ ఊసే లేదు. పోయినేడు వానలు వెనకపట్టినాక అటక మీద నుంచి దించి, సాయంత్రం కొట్టంలో గేటు కమ్మీలకు వెల్డింగ్ మొదలుపెట్టాను. గీయగానే కళ్ళ ముందు తెల్లటి మెరుపు, ఆ తరువాత నలుపు. మళ్ళీ గీస్తే మళ్ళీ అదే. కాసేపటికి ఎటు చూసినా పచ్చటి మచ్చ ఆడుతోంది. బయటికి తెచ్చి ఎండకు తిప్పితే టక్కున నల్లబడింది. అక్కడే లైటర్ వెలిగించినా నల్లబడింది. పై అద్దం మార్చాను, ఆర్క్‌ను పసిగట్టే సెన్సర్ల మీద మసి తుడిచాను, సెన్సిటివిటీ నాబు చివరికంటా తిప్పాను. బయట వాకిట్లో ఎన్ని టాక్‌లు వేసినా దోషం లేదు. కొట్టంలోకి పోతే మెరుపు. ఇంట్లోవాళ్ళు కొట్టానికి దిష్టి తీయమన్నారు. నేను మిషన్‌ను అనుమానించాను.

తేల్చింది ఎవరో కాదు, హెల్మెట్లంటే గిట్టని మేస్త్రీయే. బేరం మీద ఇటువైపు వచ్చినప్పుడు హెల్మెట్ తీసుకుని కొట్టం మూల చీకట్లో కాసేపు ఉంచి, అక్కడే లైటర్ వెలిగించాడు. అద్దం కదల్లేదు. ఎండలో కాసేపు పెట్టి వెంటనే లోపలికి తెచ్చి వెలిగిస్తే నల్లబడింది. "లోపల బిళ్ళ బ్యాటరీ చచ్చింది. ఎండ ఉన్నంతసేపు సోలార్ పట్టీ నెట్టుకొస్తా ఉంది" అన్నాడు. చీకట్లో ఆ పట్టీకి వెలుతురు అందేది ఆర్క్ వెలిగినాకే. అది మేలుకునేలోపు మొదటి మెరుపు మన కంట్లో పడిపోతుంది. ఎండలో పెట్టి పరీక్షిస్తే ఈ జబ్బు ఎప్పటికీ బయటపడదు.

ఆ మెరుపులన్నీ చూసిన రాత్రి కళ్ళు మండుతాయేమోనని టెన్షన్ పడ్డాను. ఆర్క్ దెబ్బ అప్పటికప్పుడు తెలియదు, కొన్ని గంటలయ్యాక, చాలాసార్లు అర్ధరాత్రి, మంట, నీళ్ళు కారడం మొదలవుతాయి. నాకేమీ కాలేదు. సరైన హెల్మెట్లలో అతినీలలోహిత కిరణాలను ఆపే పొర అద్దం నల్లబడినా బడకపోయినా పని చేస్తూనే ఉంటుంది. ఈఎన్ 379 అనే యూరప్ ప్రమాణం వచ్చింది ఇలాంటి అద్దాల కోసమే. ముద్ర వేసినవన్నీ నిజమైనవని కాదులెండి.

అమ్మిన షాపులో అద్దానికి వారంటీ లేదన్నారు. బ్యాటరీ మార్చే మూత కూడా లేదు, చుట్టూ అతికించేశారు. చివరికి చిత్తూరులో ఒక మొబైల్ రిపేరు కుర్రాడు బ్లేడుతో అంచు కోసి, టంకం పెట్టిన రెండు బిళ్ళలు తీసి కొత్తవి వేసి, గమ్‌తో మూశాడు. పని చేస్తోంది. అయినా ప్రతిసారీ చీకటి మూలలో లైటర్ వెలిగించి చూసుకోకుండా మిషన్ ఆన్ చేయను.

రెండో చెయ్యి ఖాళీ అన్నాను కదా, అందులోనూ ఒక మెలిక ఉంది. స్క్రీన్ మొహానికి అడ్డం పెట్టగానే పైపు పట్టుకున్న మనిషికి తెలిసిపోతుంది, తల తిప్పుకుంటాడు. హెల్మెట్‌తో ఆ సైగ ఉండదు. మా బావమరిదికి ఒక రాత్రి నిద్ర లేకుండా పోయింది అందుకే. ఇప్పుడు గీసే ముందు "కళ్ళు" అని అరుస్తాను. ఇంకొకటి, టాక్ సూటిగా పడింది గానీ సీమ్ (పొడుగునా వేసే అతుకు) బాగా రావడానికి హెల్మెట్ సాయం ఏమీ లేదు. అది చెవి పని. ఊతప్పం కాలేటప్పటి చుయ్‌చుయ్ శబ్దం తెగకుండా వస్తోందా లేదా అని వినమని మేస్త్రీ చెప్పేవాడు. మొదట్లో ఆ మాట పట్టించుకోలేదు, నాకు అద్దంలో కనబడేదే లోకం.

నాలాగా ఆదివారాలు సొంత పని చేసుకునేవాళ్ళకు, పక్కన నేర్పే మనిషి రోజూ ఉండనివాళ్ళకు, ఇది కొనమనే అంటాను. షాపులో చేరి నేర్చుకునే కుర్రాళ్ళు మొదట స్క్రీన్‌తోనే కానిస్తే డబ్బు మిగులుతుంది, తరువాత వాళ్ళిష్టం. నేను మళ్ళీ కొంటే మాత్రం బ్యాటరీ మూత ఉన్నదే, ఐదారు వందలు ఎక్కువైనా సరే.