లేని ఎముకను పూడ్చకండి: ఇస్త్మీనియా పుర్రె త్రీడీ ప్రింట్

పుర్రె త్రీడీ ఫైలుకి అయిదుకి అయిదు మార్కులు, దాన్నుంచి తీయించిన ప్రింటుకి మూడే. క్లాసులో చూపించడానికి చేయించాను కాబట్టి ఆ లెక్కలోనే చెప్తున్నా.

ఫైలు అమెరికాలోని స్మిత్సోనియన్ మ్యూజియం వాళ్ల త్రీడీ సైట్‌లో ఉంది. ఇస్త్మీనియా పానమెన్సిస్ అనే అంతరించిన డాల్ఫిన్‌ది. బ్రౌజర్‌లోనే అటూ ఇటూ తిప్పి చూడొచ్చు, ఉచితంగా దించుకోవచ్చు. పనామాలో కరీబియన్ తీరాన పీన్యా దగ్గర 2011లో దొరికిన శిలాజం, వయసు దాదాపు 60 లక్షల ఏళ్లు. సగం పుర్రె, కింది దవడ, ఇంచుమించు అన్ని పళ్లు, కుడి భుజఫలకం, ఈతరెక్కలోవి రెండు బుల్లి ఎముకలు, దొరికినవి అంతే. 2015లో శిలాజ శాస్త్రవేత్త నికొలస్ పైన్సన్ బృందం దీనికి పేరు పెట్టింది. స్కాన్‌లో విరిగింది విరిగినట్టే ఉంచారు. వంక పెట్టడానికి లేదు.

ప్రింటింగ్ షాపు అబ్బాయి మాత్రం "లేని భాగం సాఫ్ట్‌వేర్‌లో నింపేస్తా మేడమ్, షోగా ఉంటుంది" అన్నాడు. ససేమిరా అన్నాను. ఆ విరిగిన అంచు మీద వేలు పెట్టగానే పిల్లలు "మిగతాది ఏది?" అంటారు. నాకు కావాల్సిందీ అదే. ఈ డాల్ఫిన్‌కి దగ్గరి చుట్టం ఇప్పటి అమెజాన్ గులాబి డాల్ఫిన్, అది మంచినీటి జీవి. ఇది దొరికిన రాతిలో ఉన్నవేమో సముద్రజీవుల అవశేషాలు. అంటే ఇది బతికింది ఉప్పునీటిలో, నదిబాట పట్టింది దీని బంధువులు. గంగా డాల్ఫిన్ కూడా ఈ కోవదే అనుకునేరు, దాని వంశం వేరు, అది విడిగా నదిలోకి వచ్చింది.

ఇక ప్రింటు. మామూలు ప్లాస్టిక్ తీగతో పొరలుపొరలుగా పోసేది. ఆ పొరల గీతలు చూసి ఒకమ్మాయి ఎముక పెరిగిన గుర్తులని నోట్సులో చక్కగా బొమ్మ వేసుకుంది! గరుకు కాగితంతో రుద్దుదామంటే అసలు వివరాలూ పోతాయి. పళ్ల మధ్య, ప్రింటయ్యేటప్పుడు కుంగిపోకుండా పెట్టే ఆసరా ముక్కలు విరిచిన చోట్ల మొటిమల్లాంటివి మిగిలాయి. శంకువుల్లాంటి ఆ పళ్ల మొనలే చూడాల్సినవి, అవే మొద్దుబారాయి. సగం సైజు పెట్టించడం వల్ల ఆ నష్టం ఇంకా కొట్టొచ్చినట్టుంది.

పుర్రె ఎలా చేయించినా దవడ మాత్రం రెజిన్‌లో (వెలుతురుతో గట్టిపరిచే ద్రవం, వివరాలు సన్నగా వస్తాయి) చేయించుకోండి. ఫైలు ఇచ్చేటప్పుడే "ఏదీ పూడ్చొద్దు, నునుపు చేయొద్దు" అని రాసివ్వండి.