సెట్ ట్రాకా, ఫ్లెక్స్ ట్రాకా?

హెచ్‌ఓ స్కేల్‌లో (1:87, అంటే అసలు రైలులో 87వ వంతు) మోడల్ రైలు లేఅవుట్ మొదలుపెట్టేవాళ్లకి ముందుగా ఎదురయ్యే ప్రశ్న ఇది. సెట్ ట్రాక్ అంటే తిన్నగానో వంపుగానో ముందే తయారై వచ్చే గట్టి ముక్కలు. ఫ్లెక్స్ ట్రాక్ అంటే మనకి కావలసినట్టు వంచుకునే పొడవాటి ముక్కలు. రెండింటిలోనూ పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లే.

ఖర్చు: సెట్ ట్రాక్ చిన్న ముక్కలు, మీటరు లెక్కన ఎక్కువ పడుతుంది. ఫ్లెక్స్ ముక్క దాదాపు 91 సెంటీమీటర్లు. దీనికి కట్టర్, పట్టాలు అతికే సోల్డరింగ్ ఐరన్ అదనం.

శ్రమ: సెట్ ట్రాక్‌ని పిల్లలు కూడా ఒక సాయంత్రంలో కలిపేస్తారు. ఫ్లెక్స్‌ని వంచితే లోపలి పట్టా ముందుకు పొడుచుకొస్తుంది. దాన్ని కొలిచి కొయ్యాలి, అంచులు ఆకురాయితో నున్నగా చెయ్యాలి.

రిస్క్: సెట్ ట్రాక్‌లో అతుకులు ఎక్కువ. ఒక్కటి వదులైనా కరెంటు సరిగ్గా అందక ఇంజిన్ తడబడుతుంది. ఫ్లెక్స్‌లో భయమల్లా వంపు మీద వచ్చే అతుకు గురించే. అక్కడ కోణం పడితే బోగీలు పట్టాలు తప్పుతాయి. అందుకే రెండు ముక్కల్ని తిన్నగా ఉన్నప్పుడే సోల్డర్ చేసి, తర్వాత వంచండి. నాకు ఎక్కువ టెన్షన్ తగ్గించిన పద్ధతి ఇదే.

అందం: ఇక్కడ నా ఓటు ఫ్లెక్స్‌కే. చెరువు గట్టు వెంట, కొండ పక్కన లైను మెల్లగా తిరుగుతుంటే నిజం రైలుమార్గంలా ఉంటుంది. సెట్ ట్రాక్ వంపులు కొన్ని కొలతల్లోనే దొరుకుతాయి.

కంకర మాత్రం దేనికైనా చివర్లోనే. దాన్ని అతికించే నీళ్లు కలిపిన ఫెవికాల్ ఆరాక మార్పులు కష్టం.

మంచం కింద దాచుకునే లేఅవుట్‌కి, ప్లాన్ తరచూ మార్చేవాళ్లకి సెట్ ట్రాక్. గదిలో శాశ్వతంగా బల్ల వేసి, సీనరీ మీద మనసున్నవాళ్లకి ఫ్లెక్స్.