గేమింగ్‌కు హెడ్‌సెట్టా, ఓపెన్‌బ్యాకా, ఇయర్‌ఫోనా: మన హైదరాబాద్ ఇళ్లలో ఏది మేలు?

గ్రాఫిక్స్ కార్డు కొనే ముందు నెల రోజులు విచారించేవారు కూడా శబ్దం విషయానికి వచ్చేసరికి డబ్బా మీద ‘గేమింగ్’ అని రాసి, చెవుల దగ్గర రంగు దీపాలు వెలిగే హెడ్‌సెట్‌ను పట్టుకుని ఇంటికి వచ్చేయడం నేను చాలాసార్లు చూశాను. కొంటున్న వస్తువును ఏ గదిలో కూర్చుని వాడతామన్న ప్రశ్న చాలామందికి తట్టదు. నా అభిప్రాయంలో ఎంపికను తేల్చవలసింది ముందుగా ఆ గదే. విద్యానగర్‌లో రెండో అంతస్తు ఫ్లాటులో, తల మీద ఫ్యాను తిరుగుతుండగా, కిటికీ కింద ఆటోల హారన్ల మధ్య మూడు రకాల సాధనాలనూ నెలల తరబడి వాడి చూసిన తరువాత ఏర్పడిన అభిప్రాయమిది.

ఆ మూడు రకాలు ఇవి. మొదటిది మైకుతో సహా వచ్చే గేమింగ్ హెడ్‌సెట్. ఇందులో చెవిని పూర్తిగా కప్పే మూసిన కప్పులు ఉంటాయి. రెండోది ఓపెన్‌బ్యాక్ హెడ్‌ఫోన్. దీని కప్పుల వెనుక భాగం జాలీలా తెరిచి ఉంటుంది, మైకు వేరుగా కొనుక్కోవాలి. మూడోది చెవి రంధ్రంలోకి దూరే వైరు ఇయర్‌ఫోన్. తెలిసినవారు దీన్ని ఐఈఎం (ఇన్-ఇయర్ మానిటర్) అంటారు. దీనికి తోడు చిన్న యూఎస్‌బీ డాంగిల్, అంటే కంప్యూటరు లేదా ఫోను యూఎస్‌బీ రంధ్రంలో పెట్టి ఇయర్‌ఫోన్ తగిలించుకునే చిన్న సౌండ్ కార్డు ఒకటి ఉంటే బాగుంటుంది.

వీటిని పోల్చే ముందు, తుపాకీ ఆటలలో శత్రువు అడుగుల చప్పుడు ఏ దిక్కునుంచి వస్తోందో మనకు ఎలా తెలుస్తుందో చూడాలి. కుడివైపు పుట్టిన శబ్దం కుడి చెవిని చేరాక ఎడమ చెవిని చేరడానికి పట్టే అదనపు సమయం అత్యధికంగా మిల్లీసెకనులో సుమారు మూడింట రెండు వంతులు మాత్రమే. మెదడు అంత సూక్ష్మమైన తేడాను కూడా పట్టుకుంటుంది. పైగా హెచ్చు పౌనఃపున్యాల శబ్దాలకు తల అడ్డు రావడం వల్ల అవతలి చెవికి చప్పుడు కొంత తగ్గి వినిపిస్తుంది. ముందా వెనుకా, పైనా కిందా అన్న తేడాను మాత్రం చెవి డొప్ప మడతలు శబ్దాన్ని మార్చే తీరునుబట్టి మెదడు గుర్తిస్తుంది. తల, చెవి డొప్ప, భుజాలు కలిసి శబ్దాన్ని మార్చే ఈ పద్ధతిని కొలిచి లెక్కలోకి మారిస్తే వచ్చేదే హెచ్‌ఆర్‌టీఎఫ్. ఆ లెక్కను ఆటే వేసి ఇస్తే, రెండు చెవులకు రెండు మంచి స్పీకర్లు చాలు.

డబ్బాల మీద కనిపించే ‘7.1 సరౌండ్’ మాటను ఇక్కడే పరిశీలించాలి. అలాంటి హెడ్‌సెట్లలో అత్యధిక భాగానికి లోపల ఉండేది చెవికొక స్పీకరే. ఆట ఇచ్చిన ఎనిమిది (7+1) దారుల శబ్దాన్ని సాఫ్ట్‌వేర్ మళ్లీ రెండు దారులలోకి కుదించి, దిక్కుల భ్రమ కల్పిస్తుంది. ఆటలో హెచ్‌ఆర్‌టీఎఫ్ లేనప్పుడు ఇది కొంత ఉపయోగమే. కానీ వాలరెంట్, కౌంటర్-స్ట్రైక్ 2 వంటి ఆటలలో ఆ సదుపాయం ముందే ఉంది. దాని మీద హెడ్‌సెట్ సరౌండ్‌ను కూడా ఆన్ చేస్తే, ఒకసారి లెక్కించిన దిక్కులను రెండోసారి లెక్కించినట్లవుతుంది, ఎడమ వెనుకనుంచి రావలసిన అడుగు ఎటునుంచి వచ్చిందో తెలియకుండా పోతుంది. ఈ ఆటలు ఆడేవారు ఆటలోని సదుపాయాన్ని ఆన్‌లో ఉంచి, విండోస్‌లోనూ హెడ్‌సెట్ యాప్‌లోనూ ఉన్న సరౌండ్‌ను ఆపి, మామూలు స్టీరియోలో ఉంచడం మంచిది. ఇందుకు ఒక్క రూపాయి ఖర్చు లేదు. అందుకే కొత్త హెడ్‌సెట్ కొనాలనుకునే స్నేహితులకు ముందుగా ఈ మార్పు చేసి వారం రోజులు ఆడి చూడమని చెబుతాను.

శబ్దపు స్వభావం దగ్గర కూడా హెడ్‌సెట్లు కొంత వెనుకబడతాయి. చవక రకాలలో బాంబుల మోత గట్టిగా దద్దరిల్లాలని బాస్‌ను పెంచి తయారు చేస్తారు. తక్కువ పౌనఃపున్యపు పెద్ద శబ్దం దానికంటే పై పౌనఃపున్యాల చిన్న శబ్దాలను కప్పేయడం వినికిడికి సహజ గుణం. కనుక పక్క గదిలో గ్రెనేడు పేలినప్పుడు మెట్ల మీద వస్తున్న అడుగులు వినపడకుండా పోతాయి. ఈక్వలైజర్ ఏపీవో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో బాస్‌ను నాలుగైదు డెసిబెల్‌లు తగ్గిస్తే మా ఇంట్లో ఉన్న పాత హెడ్‌సెట్ కూడా గుర్తుపట్టలేనంత మెరుగుపడింది.

ఇక గది సంగతి. శబ్దం పరంగా చూస్తే మూడింటిలో ఓపెన్‌బ్యాక్‌దే పైచేయి అని నేను నిస్సంకోచంగా ఒప్పుకుంటాను. కప్పు వెనుక గాలికి దారి ఉండడం వల్ల శబ్దం లోపలే ప్రతిధ్వనించి గుయ్యిమనదు, తల లోపల కాక తల బయట ఎక్కడో వినిపిస్తున్నట్లుంటుంది, చెవులకు అంతగా చెమట పట్టదు. సైనిక్‌పురిలో చెట్ల మధ్య ఇల్లున్న మా మామయ్య కొడుకు గదిలో రాత్రిపూట సెన్‌హైజర్ హెచ్‌డీ 560ఎస్ పెట్టుకుని కథా ప్రధానమైన ఆట ఒకటి ఆడినప్పుడు, అడవిలో వాన ఎంత దూరాన కురుస్తోందో కూడా తెలిసినట్లనిపించింది. అదే హెడ్‌ఫోన్‌ను అడిగి తెచ్చుకుని మా ఇంట్లో ఏప్రిల్ మధ్యాహ్నం పెట్టుకుంటే, అయిదులో తిరుగుతున్న ఫ్యాను, పక్కింటి కుక్కర్ విజిల్, వీధిలో పాత సామాన్లు కొంటామంటూ స్పీకరులో కేకవేసే బండి, అన్నీ ఆటలో భాగమైపోయాయి. జాలీ లోపలి శబ్దాన్ని బయటికి వదిలినట్లే బయటి శబ్దాన్ని లోపలికి రానిస్తుంది. అర్ధరాత్రి ఆడితే అదే గదిలో పడుకున్న తమ్ముడికి తుపాకీ మోతలు వినిపిస్తాయి.

రణగొణ మధ్య ఆడేవారు చేసే పని ఒక్కటే, వాల్యూమ్ పెంచడం. ఇక్కడ జాగ్రత్త అవసరం. పెద్దలకు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్‌ల లోపు వింటే వినికిడికి భద్రమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పిల్లలకు ఆ పరిమితి 75 డెసిబెల్‌లు. ప్రతి 3 డెసిబెల్‌ల పెంపుకూ భద్రమైన సమయం సగమవుతుంది. అంటే 83 దగ్గర 20 గంటలు, 86 దగ్గర 10 గంటలు. ఫ్యాను చప్పుడును దాటి వినడానికి 9 డెసిబెల్‌లు పెంచుకున్నవారికి వారానికి అయిదు గంటలే మిగులుతాయి, సెలవుల్లో అది రెండు రాత్రుల ఆట. బయటి చప్పుడును అడ్డుకోవడాన్ని నేను చెవుల రక్షణగానే లెక్కిస్తాను, అందువల్లనే ఈ పోలికలో దానికి ఇంత బరువు ఇస్తున్నాను.

ఆ పనిలో ఐఈఎం అన్నిటికంటే ముందుంటుంది. సరైన కొలత రబ్బరు టిప్ చెవిలో గట్టిగా అమరితే మధ్య, హెచ్చు పౌనఃపున్యాలలో 20 డెసిబెల్‌లు, ఒక్కోసారి అంతకు మించి కూడా బయటి చప్పుడు తగ్గుతుంది. ఫ్యాను గుయ్యిమనే తక్కువ పౌనఃపున్యపు స్వరం పూర్తిగా పోదు గాని, మాటలు, హారన్లు, విజిళ్లు దూరంగా జరుగుతాయి. మూన్‌డ్రాప్ చూ, సెవెన్‌హెర్ట్జ్ సాల్‌నోట్స్ జీరో వంటి రకాలు రెండు వేల రూపాయల చుట్టుపక్కల దొరుకుతూ, అంతకు రెండింతల ధర ఉన్న హెడ్‌సెట్ల కంటే అడుగుల చప్పుడును విడిగా వినిపించడం నేను స్వయంగా గమనించాను. ఎండాకాలంలో పాదరసం 40 డిగ్రీలు దాటే మన ఊళ్లో తల మీద బరువు, చెవుల చుట్టూ వేడి లేకపోవడం చిన్న సుఖం కాదు. అయితే దీనికీ లోపాలున్నాయి. శబ్దం తల లోపలే పుట్టినట్లుంటుంది, విశాలమైన మైదానాలున్న ఆటలలో ఓపెన్‌బ్యాక్ ఇచ్చే ఆ తెరిపి రాదు. రెండు గంటలు దాటితే కొందరికి చెవి రంధ్రం నొప్పి పెడుతుంది. వానాకాలంలో తడి చెవుల్లో టిప్‌లు పెట్టుకోవడం చెవిలో బూజు పట్టడానికి దారి తీయవచ్చు, కాబట్టి తలస్నానం చేసి వెంటనే పెట్టుకోకూడదు, టిప్‌లను వారానికోసారి కడిగి ఆరబెట్టాలి. చెవి కారే అలవాటు ఉన్నవారు వీటి జోలికి పోకుండా ఉండడమే మంచిది.

హెడ్‌సెట్‌ను ఇంతవరకు తక్కువ చేసినట్లు కనిపించవచ్చు. ఒక్క విషయంలో మాత్రం దానిని ఏదీ సులభంగా ఓడించలేదు, అది మైకు. నోటినుంచి దూరం రెట్టింపైన ప్రతిసారీ మన గొంతు సుమారు 6 డెసిబెల్‌లు తగ్గుతుంది. నోటికి 5 సెంటీమీటర్ల దగ్గర ఉండే హెడ్‌సెట్ మైకును, బల్ల మీద 40 సెంటీమీటర్ల దూరాన పెట్టిన మైకుతో పోలిస్తే తేడా 18 డెసిబెల్‌లు. గదిలో ఫ్యాను చప్పుడు రెండింటికీ ఒక్కలాగే అందుతుంది గనుక, బల్ల మైకు ఖరీదైనదైనా సరే, అవతలి జట్టువాళ్లు మన మాటతో పాటు ఫ్యానును కూడా వింటారు. ఐఈఎం వైరు మీద ఉండే మైకు చొక్కాకు రాసుకుని గరగరమంటుంది. అందుచేత ప్రతి ఆటలోనూ నిరంతరం మాట్లాడుతూ జట్టును నడిపించేవారికి, వేర్వేరు వైర్లతో కుస్తీ పట్టే ఓపిక లేనివారికి, పన్నెండేళ్ల పిల్లలకు నేను హెడ్‌సెట్‌నే చెబుతాను. కొనేటప్పుడు కప్పుల మీది మెత్తలు విడిగా దొరుకుతాయో లేదో తప్పక అడగాలి. తోలులా కనిపించే ఆ రెక్సిన్ చెమటకు, తేమకు పొట్టు పొట్టుగా రాలుతుంది. గుడ్డ మెత్తలు దొరికితే వేసవి తేలికగా గడుస్తుంది, కాకపోతే వాటితో బయటి చప్పుడు కొంచెం ఎక్కువగా లోపలికి వస్తుంది.

వైరు లేనివాటి గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. తమతో పాటు వచ్చే యూఎస్‌బీ రిసీవరుతో 2.4 గిగాహెర్ట్జ్ రేడియో మీద పనిచేసే హెడ్‌సెట్లలో ఆలస్యం ఆటకు అడ్డు రానంత తక్కువ. మామూలు బ్లూటూత్ ఇయర్‌బడ్స్ మాత్రం వద్దు. వాటిలో ఆలస్యం 150 నుంచి 200 మిల్లీసెకన్ల దాకా ఉండడం సాధారణం. సెకనుకు 60 ఫ్రేములు నడిచే ఆటలో 200 మిల్లీసెకన్లు అంటే 12 ఫ్రేములు. పైగా కంప్యూటరులో మైకు ఆన్ చేయగానే పాత పద్ధతి బ్లూటూత్ ఫోన్ కాల్ నాణ్యతకు పడిపోతుంది, శబ్దం ఏకదారిగా మారి దిక్కులన్నీ మాయమవుతాయి. ఫోనులో బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) ఆడేవారికీ ఇదే వర్తిస్తుంది. టైప్-సీ డాంగిల్, వైరు ఇయర్‌ఫోన్ కలిపి వాడితే ఆలస్యం బాధ తప్పుతుంది.

విడిగా డాక్ (డిజిటల్ శబ్దాన్ని విద్యుత్ సంకేతంగా మార్చేది), ఆంప్ (ఆ సంకేతాన్ని పెంచేది) కావాలా అన్నది నన్ను చాలామంది అడిగే ప్రశ్న. హెడ్‌ఫోన్‌కు హెచ్చు ఇంపీడెన్స్ (ఓమ్‌లలో కొలిచే విద్యుత్ అవరోధం) ఉంటే పెద్ద ఆంప్ తప్పనిసరి అనే మాట స్థిరపడిపోయింది గాని, లెక్క వేరుగా ఉంది. 300 ఓమ్‌ల సెన్‌హైజర్ హెచ్‌డీ 600 తీసుకుంటే, ఒక వోల్టు ఇచ్చినప్పుడు అది 97 డెసిబెల్‌లు పలుకుతుంది. చిన్న డాంగిల్‌లలో చాలావరకు ఆ ఒక వోల్టును ఇవ్వగలవు. ఆటలో పెద్ద మోతలకూ సగటు శబ్దానికీ మధ్య 20 డెసిబెల్‌ల తేడా ఉందనుకుంటే, మోతలు 97 దగ్గర, సగటు 77 దగ్గర ఉంటాయి. భద్రమైన పరిమితిలో వినేవారికి ఇది చాలినంత. బయెర్‌డైనమిక్ డీటీ 990 ప్రో 250 ఓమ్‌ల రకం కూడా ఇదే కోవలోకి వస్తుంది. అందుకే ఆంప్ కోసం దాచిన అయిదారు వేలను హెడ్‌ఫోన్ మీదే పెట్టడం మేలని నేను నమ్ముతున్నాను. డాంగిల్ కొనవలసిన సందర్భం మరొకటుంది. క్యాబినెట్ ముందు భాగంలోని జాక్‌లో ఐఈఎం పెట్టి, ఏమీ మోగించకుండా వినండి. మౌస్ కదిపినప్పుడు జుయ్యిమంటున్నా, సన్నగా బుస వినిపిస్తున్నా అది మదర్‌బోర్డు విద్యుత్ చప్పుడు. వెయ్యి రూపాయల లోపు డాంగిల్ దాన్ని తీసేస్తుంది.

మొత్తం అయిదు వేల రూపాయలు చేతిలో పెట్టి నన్ను ఎంచమంటే, రోడ్డు పక్క ఫ్లాటులో ఉండి పోటీ ఆటలు ఆడేవారికి రెండు వేల ఐఈఎం, ఒక డాంగిల్, కాలరుకు తగిలించే చిన్న మైకు తీసుకుంటాను, మిగిలిన డబ్బు మిగిలినట్లే. నిశ్శబ్దమైన గది, కథల ఆటల మీద ఇష్టం, బడ్జెట్ పెంచే వీలు ఉన్నవారు ఓపెన్‌బ్యాక్‌కు వెళ్లాలి, వారికి నా సలహాలో ఏ సందేహమూ లేదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో, కోఠి గుజరాతీ గల్లీలోనో కొంటే బేరానికి వీలుంటుంది గాని, ఆ రద్దీలో ఏ హెడ్‌ఫోన్ గుణమూ తెలియదు. ఒకసారి ఒక దుకాణంలో బిల్లు లేకుండా కొన్న హెడ్‌సెట్ ఎడమ చెవి నెలలోనే మూగబోతే, వారంటీ అడగడానికి నా దగ్గర కాగితం ముక్క కూడా లేకపోయింది. బిల్లు, మార్చుకునే గడువు రెండూ ముందే రాయించుకోవాలి.

ఆ గడువు లోపల ఇంట్లో ఒక పరీక్ష చేయండి. మీరు ఎప్పుడూ ఆడే వేళకే, ఫ్యాను ఎప్పుడూ తిరిగే వేగంలోనే పెట్టుకుని, ప్రైవేటు మ్యాచ్‌లో స్నేహితుణ్ని మీ చుట్టూ నడవమని చెప్పి, కళ్లు మూసుకుని అతను ఎటున్నాడో వేలితో చూపండి. ఇరవైసార్లు చేసి ఎన్ని సరైనవో రాసుకోండి. ఐఈఎం అయితే డబ్బాలో వచ్చిన మూడు కొలతల టిప్‌లతోనూ ఇదే చేయాలి, ఎందుకంటే రెండు చెవుల రంధ్రాలు ఒకే కొలతలో ఉండాలని లేదు. నాకు కుడి చెవికి మధ్య కొలత, ఎడమ చెవికి పెద్ద కొలత సరిపోయాయి.