పిల్లల ఆటల ఫొటోలకు కేనన్ 55-250 ఎస్‌టీఎం లెన్స్: ఆరేళ్ల వాడకం తర్వాత

మా అమ్మాయి ఫుట్‌బాల్ గోల్‌కీపర్. ఎనిమిదో ఏట మొదలుపెట్టింది, ఇప్పుడు పద్నాలుగేళ్లు. మేముండేది బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో. ఈ ఆరేళ్లలో సర్జాపుర, మారతహళ్లి, హెచ్‌ఎస్‌ఆర్ వైపు చాలా గ్రౌండ్ల అంచున కూర్చున్నాను. చేతిలో ఎప్పుడూ అదే జత: కేనన్ 200డి కెమెరా, దానికి 55-250 ఎంఎం ఎఫ్/4-5.6 ఐఎస్ ఎస్‌టీఎం లెన్స్. ఎంఎం అంకె పెరిగేకొద్దీ దూరంగా ఉన్నవి దగ్గరగా కనిపిస్తాయి, ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లెన్స్ ఎక్కువ వెలుగు తీసుకుంటుంది. ఐఎస్ అంటే స్టెబిలైజర్, ఎస్‌టీఎం అంటే ఫోకస్ చేసే మోటారు రకం.

కొనడానికి కారణం మా అత్తమ్మ. అనంతపురంలో ఉంటారు. నేను ఫోన్లో తీసి పంపిన మ్యాచ్ ఫొటో చూసి, "ఇందులో మన పాప ఎవరమ్మా? మొహమే కనపడలేదే" అన్నారు. నిజమే, ఫోన్లో జూమ్ చేస్తే ఎర్రమట్టి మధ్య పసుపు రంగు మచ్చ మాత్రమే వచ్చేది.

లెన్స్ బరువు 375 గ్రాములు, కెమెరా బ్యాటరీతో కలిపి 453. మొత్తం కిలో కన్నా తక్కువ. భుజానికి నీళ్ల బాటిల్, పాప కిట్ బ్యాగు ఉన్నా ఇది అదనపు బరువనిపించదు. ఎండలో రెండు మూడు మ్యాచ్‌లు వరసగా ఉన్న రోజున దాని విలువ తెలుస్తుంది. కెమెరాకు బిగించే మౌంట్ ప్లాస్టిక్‌ది. లెన్స్ ముందు తగిలించే హుడ్ విడిగా కొనుక్కోవాలి, తప్పకుండా కొనండి. పక్క నుంచి పడే ఎండను ఆపుతుంది, బంతి ఎగిరొచ్చినప్పుడు అద్దానికి కాస్త అడ్డంగానూ ఉంటుంది.

250 ఎంఎం అంటే ఎంత దగ్గరికి వస్తుందో అంకెల్లో చెప్తాను, కొనేముందు నాకు ఎవరూ చెప్పలేదు. ఈ కెమెరా సెన్సర్‌తో 20 మీటర్ల దూరం నుంచి నిలువుగా పట్టుకుని తీస్తే సుమారు 1.8 మీటర్ల ఎత్తు ఫ్రేమ్‌లో పడుతుంది. అంటే పన్నెండేళ్ల పిల్ల తల నుంచి బూట్ల దాకా నిండుగా వస్తుంది. 40 మీటర్లకు వెళ్తే ఫ్రేమ్‌లో సగం కూడా నిండదు. చిన్న పిల్లల సెవెన్-ఎ-సైడ్ గ్రౌండ్లకు ఇది చక్కగా సరిపోతుంది. కానీ గోల్‌కీపర్ డైవ్ చేసినప్పుడు అడ్డంగా 3 మీటర్లయినా కావాలి. 250లో పెట్టి కూర్చుంటే చేతులు, బంతి ఫ్రేమ్ బయటికి పోతాయి. అలా ఎన్నో మంచి సేవ్‌లు పోగొట్టుకున్నాక, బంతి పెనాల్టీ ఏరియాలోకి రాగానే 135 దగ్గరికి వెనక్కి తిప్పడం అలవాటైంది.

మొదటి నెలల్లో ఫొటోలన్నీ మసకగా వచ్చేవి. లెన్స్‌లో స్టెబిలైజర్ ఉంది కదా, ఎందుకిలా అని చాలా టెన్షన్ పడ్డాను. స్టెబిలైజర్ ఆపేది మన చేతి వణుకునే. పరుగెత్తే పిల్లల కదలికను అది ఆపలేదు. దాన్ని ఆపేది షట్టర్ వేగం ఒక్కటే. ఫుట్‌బాల్‌కు 1/1000 సెకనుకు తగ్గకుండా పెట్టి, ఐఎస్‌ఓను (వెలుగు తక్కువైతే పెంచే అంకె, మరీ పెరిగితే ఫొటో గరుకుగా వస్తుంది) ఆటోలో వదిలేశాను. ఆ ఒక్క మార్పుతో సగం సమస్య తీరింది. మిగతా సగం ఫోకస్‌ది. ఒకసారి ఫోకస్ పట్టి ఆగిపోయే వన్ షాట్ నుంచి, కదిలేవాళ్లను వెంబడించే ఏఐ సర్వోకు మార్చాను, తొమ్మిది ఫోకస్ పాయింట్లలో మధ్యదాన్ని మాత్రమే వాడతాను. ఈ కెమెరాలో నిలువు, అడ్డం గీతలు రెండింటినీ పట్టే క్రాస్ టైప్ పాయింట్ అదొక్కటే, మిగతావాటి కన్నా గట్టిగా పట్టుకుంటుంది. ఎస్‌టీఎం మోటారు చప్పుడు చేయదు. ఎదురుగా పరుగెత్తుకొచ్చే పిల్లలను పగటి వెలుగులో బాగానే వెంబడిస్తుంది. ఇద్దరి మధ్యలోంచి మూడోవాళ్లు అడ్డం వస్తే మాత్రం ఫోకస్ వాళ్ల మీదికి దూకుతుంది.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఇక్కడ ఆకాశం మబ్బుగా ఉంటుంది. చాలామంది దాన్ని చెడ్డ వెలుగు అంటారు, నాకైతే అదే ఇష్టం. ఐఎస్‌ఓ 400, 800 దగ్గర తిరుగుతుంది, మొహాల మీద నీడలు పడవు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో పదకొండు గంటల ఎండే అసలు కష్టం. కనుబొమల కింద చీకటి, తెల్ల జెర్సీ మీద మంట. అందుకే వీలైతే పొద్దున్నే పడే మ్యాచ్‌లనే తీస్తాను. సాయంత్రం ఆరు దాటితే ఎఫ్/5.6 దగ్గర ఐఎస్‌ఓ 6400కు, ఆపైకి పోతుంది. ఆ ఫొటోలు వాట్సాప్‌లో చూడ్డానికి పనికొస్తాయి, ప్రింటు వేయించడానికి కాదు.

ఎక్కడ కూర్చుంటామన్నది లెన్స్ కన్నా ముఖ్యం. మా అమ్మాయి గోల్ నుంచి పదిహేను, ఇరవై మీటర్లు ముందుకు, సైడ్ లైన్ బయట, ఎండ నా వీపుకు తగిలేలా చాప వేసుకుని కూర్చుంటాను. నిలబడి తీస్తే పిల్లల నడినెత్తులు, వెనకాల మట్టి. కూర్చుని తీస్తే వాళ్ల కళ్లు, వెనకాల చెట్లు. ఒకసారి ఉత్సాహంలో లైను మీదికి జరిగాను. కోచ్ వచ్చి మర్యాదగానే, "మేడమ్, లైన్ ఒళగె బరబేడి" (లైను లోపలికి రావద్దు) అని కన్నడలో అన్నారు. ఆయన అన్నది న్యాయం. పరుగున వచ్చే పిల్లలకు నేను అడ్డం తగిలితే దెబ్బ వాళ్లకే తగులుతుంది.

నగరంలో ఇప్పుడు చుట్టూ నైలాన్ వల కట్టిన టర్ఫ్‌లు ఎక్కువయ్యాయి. దూరంగా నిలబడి తీస్తే ఫోకస్ వల మీదే ఆగిపోతుంది. లెన్స్ ముందుభాగాన్ని ఒక కన్నానికి ఆనించి, 200 దాటి జూమ్ చేసి, అపర్చర్ (వెలుగు లోపలికి వచ్చే ద్వారం) పూర్తిగా తెరిచి పెడితే వల దాదాపు మాయమైపోతుంది.

మరొకటి. సెన్సర్ పట్టిన వివరాలన్నీ ఉంచే రా ఫార్మాట్‌లో ఈ కెమెరా వరసగా ఆరు ఫొటోల దగ్గర బఫర్ (ఫొటోలను కాసేపు ఉంచుకునే జాగా) నిండి నెమ్మదిస్తుంది. సెకనుకు ఐదు చొప్పున తీస్తే అది సెకనుకు కాస్త పైన. ఒక టైబ్రేకర్‌లో మా అమ్మాయి పెనాల్టీ ఆపింది. కిక్ పడకముందే నేను బటన్ నొక్కి పట్టుకోవడంతో, బంతి చేతికి తగిలే క్షణానికి కెమెరా ఆగిపోయింది. ఆ ఫొటో లేనందుకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఆ రోజు నుంచి ఆటలకు చిన్న ఫైళ్లు వచ్చే జేపెగ్‌లోనే తీస్తున్నాను, రెండు మూడు ఫొటోల చిన్న వరసల్లో.

ఇక ఇండోర్ సంగతి. మా బాబు షటిల్ ఆడతాడు. అక్కడ ఈ లెన్స్ ఓడిపోతుంది, ఎంత సర్దుకున్నా లాభం లేదు. అకాడమీ కోర్టు దీపాల కింద 1/800 పెడితే ఐఎస్‌ఓ 12800. చర్మం ఇసుకలా కనిపిస్తుంది. ఒక టోర్నమెంటుకు 70-200 ఎఫ్/2.8 అద్దెకు తెచ్చాను. ఎఫ్/5.6తో పోలిస్తే నాలుగు రెట్లు వెలుగు, ఫొటోలు అద్భుతం. కానీ లెన్స్ ఒక్కటే దాదాపు కిలోన్నర. మధ్యాహ్నానికి మణికట్టు నొప్పి. కొనే స్తోమత కూడా మాకు లేదు. చివరికి సెకండ్ హ్యాండ్‌లో 85 ఎంఎం ఎఫ్/1.8 తీసుకున్నాను. ఎఫ్/5.6 కన్నా దాదాపు పది రెట్లు వెలుగు తీసుకుంటుంది, అంటే 12800 అన్న చోట 1300 దగ్గర సరిపోతుంది. జూమ్ లేదు, స్టెబిలైజర్ లేదు, ఆ వేగంలో దాని అవసరమూ లేదు. కోర్టు పొడవు 13.4 మీటర్లే కాబట్టి ఎదుటి కోర్టు మూల వెనక నిలబడితే బాబు తల నుంచి కాళ్ల దాకా ఫ్రేమ్‌లో పడతాడు. ఫోకస్ నెట్ మీద పడకుండా చూసుకోవాలి. ఫ్లాష్ ఎప్పుడూ వాడను, ఆడేవాళ్ల కళ్లలో పడుతుంది. షటిల్, బాస్కెట్‌బాల్ మాత్రమే ఆడే పిల్లలుంటే 55-250 వద్దు, ముందే ఈ 85 కొనండి.

మన పిల్లలను తీస్తుంటే పక్క పిల్లలూ పడతారు. రెండో ఏడు ఒక తల్లి నా దగ్గరికొచ్చి, "మా పాప ఫొటోలు గ్రూపులో పెట్టొద్దండీ" అన్నారు. కారణం అడగలేదు. ఆమె ఎదుటే డిలీట్ చేశాను. అప్పటి నుంచి సీజన్ మొదట్లోనే కోచ్‌ను, తల్లిదండ్రులను అడుగుతాను. వద్దన్నవారి పిల్లలున్న ఫొటోలు ఎక్కడా పెట్టను. ఆరువందలు తీస్తే ముప్ఫై మిగుల్చుతాను. ఎవరి పిల్లలవి వాళ్లకే పంపుతాను, వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా, లేకపోతే వివరాలన్నీ నలిగిపోతాయి. ఓడిపోయిన జట్టు పిల్లలవీ తీసి వాళ్ల కోచ్‌కు ఇస్తాను.

కెమెరాకు, లెన్స్‌కు వాన రక్షణ లేదు. ఏప్రిల్, మే సాయంత్రాల్లో చెప్పకుండా వాన దిగుతుంది కాబట్టి బ్యాగులో ఒక మందపాటి ప్లాస్టిక్ కవరు, రబ్బరు బ్యాండు ఉంటాయి. ఎర్రమట్టి గ్రౌండులో లెన్స్ మార్చను, కారులో కూర్చుని మారుస్తాను.

ఈ సీజన్ నుంచి అమ్మాయి పెద్దల గ్రౌండులో ఆడుతోంది. అవతలి గోల్ దగ్గర జరిగేది 250కి అందదు. అటు గురి పెట్టడం మానేశాను. ఆమె ఉన్న వైపే చాప వేసుకుంటాను, హాఫ్ టైమ్‌లో గోల్ మారగానే చాప చుట్టుకుని అటు నడుస్తాను. అత్తమ్మ గదిలో గోడకు పోయిన నెల ఒక ఫొటో పెట్టించాం. అందులో బంతి లేదు. గోల్ పడ్డాక జట్టులో చిన్నపిల్ల భుజం మీద చెయ్యి వేసి మా అమ్మాయి ఏదో చెబుతోంది.