24-0-24 ట్రాన్స్‌ఫార్మర్ కొనేవారికి హెచ్చరిక: లోడ్ పెట్టి కొలవనిదే నమ్మవద్దు

ఇంట్లో యాంప్లిఫయర్ తయారుచేసుకునే మిత్రులు, ముఖ్యంగా టీడీఏ 7294 (యాంప్లిఫయర్ ఐసీ) స్టీరియో బోర్డుకు పవర్ సప్లై కట్టబోతున్నవారు, లేబుల్ చూసి ట్రాన్స్‌ఫార్మర్ కొనవద్దని మనవి. హైదరాబాద్ కోఠిలోని ఒక దుకాణంలో 24-0-24 (మధ్య తీగకు అటూ ఇటూ 24 వోల్టుల చొప్పున ఇచ్చేది), 5 ఆంపియర్లు, పూర్తి రాగి వైండింగ్ అని చెప్పి నాకు అంటగట్టిన సరుకు 3 ఆంపియర్లకే చేతులెత్తేసింది.

దుకాణదారు నా ఎదుటే మల్టీమీటర్ పెట్టి చూపించాడు. సెంటర్ ట్యాప్‌కు, అంటే ఆ మధ్య తీగకు, రెండు వైపులా 26 వోల్టులు చక్కగా వచ్చాయి. కానీ లోడ్ (కరెంటు లాగే పరికరం) లేనప్పుడు ఎంత సన్నని తీగ చుట్టినా వోల్టేజీ సరిగ్గానే కనిపిస్తుంది, ఎందుకంటే దాన్ని నిర్ణయించేది చుట్ల నిష్పత్తే తప్ప తీగ మందం కాదు. ఇంటికి తెచ్చి బోర్డుకు కలిపాక, పాట లేనప్పుడు 36 వోల్టులున్న డీసీ (26 వోల్టుల ఏసీని డీసీగా మారిస్తే దాదాపు అంత వస్తుంది), బాస్ పడిన ప్రతిసారీ 24 దాకా జారిపోయి శబ్దం చీలిపోయింది.

తప్పు బోర్డుదా, సప్లైదా అని తేల్చడానికి బోర్డును సప్లై నుంచి విడదీసి (ఛార్జి నిలిచి ఉండే ఫిల్టర్ కెపాసిటర్లను రెసిస్టర్‌తో డిశ్చార్జి చేసి, మీటరులో సున్నా చూశాకే చేయి పెట్టాలి సుమా), సెకండరీలో (అవుట్‌పుట్ వైపు వైండింగ్‌లో) ఒక సగానికి 24 వోల్టుల లారీ హెడ్‌లైట్ బల్బు తగిలించాను. సుమారు 3 ఆంపియర్లు లాగే ఆ బల్బు వెలగగానే 26 కాస్తా 18కి దిగింది. కాసేపటికే వార్నిష్ కాలుతున్న వాసన వచ్చింది. తీగ చివర ఎనామిల్ గీకి చూస్తే ఎర్రగా ఉండవలసిన లోహం తెల్లగా మెరిసింది, అంటే అల్యూమినియం. నిజానికి బరువే చెప్పేసింది: 5 ఆంపియర్లంటే 240 వీఏ (48 వోల్టులు × 5 ఆంపియర్లు), రాగితో, మంచి కోర్‌తో చేసినది మూడు కిలోలకు పైగా తూగాలి, ఇది రెండు కిలోలు కూడా లేదు.

వాపసు అడిగితే, ఒకసారి కనెక్షన్ ఇచ్చిన సరుకును వెనక్కి తీసుకోబోమన్నారు. చేతికిచ్చినది బిల్లు కాదు, "ఎస్టిమేట్" అని రాసిన చీటీ. దానిపై దుకాణం పేరు కూడా లేదు.

కాబట్టి కొనేటప్పుడు బల్బు, మీటరు వెంట తీసుకెళ్లి కౌంటర్ మీదే లోడ్ పెట్టమనండి. ఒప్పుకోని చోట కొనకండి. వోల్టేజీ, ఆంపియర్లు, రాగి వైండింగ్ అన్న మూడు వివరాలనూ జీఎస్టీ బిల్లులో రాయించుకుంటే, రేపు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవలసి వచ్చినా చూపడానికి ఆధారం ఉంటుంది.