పనస, గుమ్మడి టేకు, టేకు: ఎలక్ట్రిక్ గిటారు బాడీకి ఏది మేలు?

రాయగడలో విజయనగరం వైపు రైలెక్కితే పార్వతీపురం దాటాక బొబ్బిలి వస్తుంది. దాని పక్కనున్న గొల్లపల్లిలో పనస దుంగను తొలిచి వీణలు చేస్తారన్న సంగతి ఒడిశా సరిహద్దులోని మా తెలుగు ఇళ్లన్నింటికీ తెలుసు. అందుకే రాయగడ, గుణుపురం వైపు ఎవరైనా సొంతంగా ఎలక్ట్రిక్ గిటారు చేసుకోవాలనుకుంటే ముందుగా పనస చెక్క కోసమే వాకబు చేస్తారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. పనసతో ఒకటి, టేకుతో ఒకటి, గుమ్మడి టేకుతో ఒకటి, మొత్తం మూడు బాడీలు చేశాక నాకు స్పష్టమైన విషయం ఏమిటంటే, వీణకు పనస ఎందుకు మేలో ఆ కారణం గిటారు బాడీకి వర్తించదు.

వీణ కుండ లోపల బోలుగా ఉంటుంది. మీటిన తీగ కదలిక, తీగలను మోసే గుర్రం మీదుగా కుండ పైపలకకు చేరి, ఆ పలక కదిలి, దానితోపాటు గాలి కదిలితేనే మనకు నాదం వినిపిస్తుంది కనుక అక్కడ చెక్క స్వభావమే నాద స్వభావం. ఎలక్ట్రిక్ గిటారు బాడీ గట్టి దిమ్మ. ఉక్కు తీగ, తన కింద బాడీలో బిగించిన పికప్‌లోని అయస్కాంతాల మీద కదిలినప్పుడు వాటి చుట్టూ ఉన్న రాగి చుట్టలో విద్యుత్తు పుడుతుంది, ఆంప్లిఫయర్‌కు వెళ్లేది ఆ విద్యుత్తే. తీగ ఎంతసేపు మోగుతుందన్నదానిలో చెక్కకు కొంత పాత్ర ఉన్నా, ఒక ఫ్రెట్ (వేలితో తీగను నొక్కే మెట్టు) దగ్గర స్వరం త్వరగా అణగిపోతే కారణాన్ని బాడీలో కంటే సన్నగా, పొడవుగా ఉండే మెడ భాగమైన నెక్‌లో వెతకడమే మంచిది. కాబట్టి బాడీ చెక్కను బరువు, నిలకడ, మరలను పట్టి ఉంచే శక్తి, పనికి లొంగే తీరు, ఈ నాలుగింటిని బట్టి ఎంచుకోవాలని నా అభిప్రాయం.

పేరున్న విదేశీ చెక్కల చరిత్ర కూడా ఈ మాటనే బలపరుస్తుంది. కాలిఫోర్నియాలోని ఫెండర్ కంపెనీ 1950లో గిటార్లను యాష్ చెక్కతో మొదలుపెట్టి, 1956 నుంచి ఎక్కువగా ఆల్డర్‌కు మారింది. ఆల్డర్ ఆ పసిఫిక్ తీరంలో విస్తారంగా పెరిగే చెట్టు, తేలిక, రంగును చక్కగా పడుతుంది. అదే కంపెనీ 2020లో, పురుగు బెడద వల్ల, వరదల వల్ల యాష్ దొరకడం కష్టమైనందున దాని వాడకాన్ని బాగా తగ్గిస్తున్నట్టు ప్రకటించింది. వాళ్లు తమ దగ్గర దొరికే చెక్కతో చేసినప్పుడు, మనం మన కోత మిల్లులో దొరికే చెక్కతో చేయడంలో లోపమేమీ లేదు.

బరువు లెక్క చూద్దాం. బాడీ కోయడానికి సాధారణంగా 20 అంగుళాల పొడవు, 14 అంగుళాల వెడల్పు, 1.75 అంగుళాల మందం గల దిమ్మ కావాలి, అంటే ఘనపరిమాణం సుమారు 8 లీటర్లు. ఆరిన టేకు ఘనపు మీటరుకు సుమారు 650 కిలోలు తూగుతుంది గనుక ఆ దిమ్మ 5.2 కిలోలు ఉంటుంది. పనస 600 కిలోలకు కాస్త అటూఇటూ ఉంటుంది గనుక దిమ్మ 4.8 కిలోల దగ్గర, గుమ్మడి టేకు 500 దగ్గర ఉంటుంది గనుక 4 కిలోలు తూగుతాయి. ఆల్డర్ అయితే 3.6. ఆకారం కోసి, పికప్ గుంటలు తవ్వాక బరువు దాదాపు సగానికి దిగినా తేడా మాత్రం అదే నిష్పత్తిలో మిగులుతుంది. దీనికి నెక్, తీగలను బాడీ మీద పట్టి ఉంచే బ్రిడ్జి, శృతి బిరడాలు చేర్చి రెండు గంటలు భుజాన వేలాడదీసుకుంటే ఆ అరకిలో, ముప్పావు కిలో ఎంత బరువో తెలుస్తుంది.

టేకు మీద మా ఇళ్లలో ఉన్న గౌరవం సామాన్యమైనది కాదు, తలుపు నుంచి మంచం దాకా అదే మేలంటారు. వంగదు, ఉబ్బదు, చెద పట్టదు. అయితే గిటారు బాడీలో ఈ గుణాలకు ఎదురుగా మూడు చిక్కులున్నాయి. మొదటిది బరువు. రెండోది చెక్కలోని నూనె: అతికించబోయే అంచును అసిటోన్‌తో తుడిచి వెంటనే జిగురు రాయకపోతే అతుకు నమ్మదగినది కాదు, పైన వేసే లక్క కూడా ఆరడానికి మొరాయిస్తుంది. మూడోది ఆ చెక్కలోని సిలికా, దానివల్ల గుంటలు తవ్వే రౌటర్ యంత్రం బిట్టు పదును త్వరగా పోతుంది. నేను చేసిన టేకు బాడీ చూపుకు అందంగానే ఉంది, కానీ నిలబడి వాయించేటప్పుడు దాన్ని ఎత్తుకోవాలనిపించదు.

పనస గురించి కాస్త ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే నా తప్పు అందులోనే జరిగింది. కోత మిల్లులో బాగా ఆరిందని చెబితే నమ్మి రెండంగుళాల పలకలు కొన్నాను. మధ్యలో అతుకు వేసి, ఆకారం కోసి, పసుపు పచ్చని ఆ రంగు కనబడేలా పలచగా లక్క పూశాను. బాడీ చేసిన వేసవిలో అంతా బాగానే ఉంది. వాన్లు వెళ్లి చలికాలం వచ్చేసరికి బ్రిడ్జి వెనక అతుకు విడి, గోరు దూరేంత సందు ఏర్పడింది, పికప్ గుంట మూల నుంచి వెంట్రుక వంటి బీట అంచు దాకా పాకింది. మా వీధి వడ్రంగి తాత దాన్ని వెలుగుకు ఎత్తి చూసి, "చెక్క మంచిదే బాబూ, తడి ఆరకముందే కోసేశారు" అన్నారు.

తరువాత ఆయన చెప్పినట్టే చేశాను. పలకల చివరలకు రంగు పూసి, మధ్యలో పుల్లలు పెట్టి, ఎండ తగలని వసారాలో పేర్చి, ప్రతి ఆదివారం ఒక పలకను పక్క కిరాణా కొట్టు కాటా మీద తూచి, ఆ బరువును దాని మీదే పెన్సిలుతో రాస్తూ వచ్చాను. మొదట్లో వారానికి పదుల గ్రాములు తగ్గిన పలక క్రమంగా నెమ్మదించి, చివరకు నెలంతా ఒకే అంకె దగ్గర నిలిచింది. అంగుళం మందానికి ఏడాది అనే పాత లెక్క ఇక్కడ దాదాపు సరిపోయింది. అలా ఆరిన పనస మరలను గట్టిగా పడుతుంది, ఉలికి శుభ్రంగా లొంగుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ పసుపు నుంచి తేనె రంగుకు, ఆపై గోధుమ రంగుకు తిరుగుతుంది. చెక్క నార కనబడాలని, రంగు పూయకూడదని అనుకునేవారికి పనసనే సూచిస్తాను, అయితే బాడీ మందాన్ని ఒకటిన్నర అంగుళానికి తగ్గించాలి.

గుమ్మడి టేకును ఒడియాలో గంభారి అంటారు, రాయగడ మిల్లులో ఆ పేరుతో అడిగితేనే త్వరగా దొరుకుతుంది. పేరులో టేకు ఉన్నా ఇది దానికంటే తేలిక, లేత గడ్డి రంగు, ఆరేటప్పుడు వంకర పోవడం తక్కువ. పనస కోసం రెండు చలికాలాలు ఎదురుచూసిన నాకు ఈ గుణం ఎంత విలువైనదో తెలుసు. జిగురు, రంగు రెండూ ఇబ్బంది పెట్టవు. లోపం మెత్తదనం: బల్ల అంచుకు తగిలితే నొక్కు పడుతుంది, చెక్క మరను రెండుమూడుసార్లు విప్పి బిగిస్తే కన్నం వదులవుతుంది. ఆరు తీగలు కలిసి సుమారు 45 కిలోల బలంతో లాగుతాయి కనుక బ్రిడ్జి దగ్గర మరలను నేరుగా చెక్కలోకి దించకుండా, లోపల మరచుట్లున్న ఇత్తడి గొట్టాలను (ఇన్సర్ట్‌లను) ఎపాక్సీ జిగురుతో కూర్చి వాటిలో బిగించాలి. నెక్ మరలు వెనక ఉక్కు పలక మీదుగా బాడీని దాటి నెక్‌లో దిగుతాయి గనుక అక్కడ ఈ బెంగ లేదు.

మామిడి చౌకే గాని, పురుగు, బూజు మరకల బెడద వల్ల నేను దాని జోలికి పోను.

మొదటిసారి చేసేవారికి, రంగు పూయదలచినవారికి, నిలబడి వాయించేవారికి గుమ్మడి టేకే మేలని నా నిర్ణయం. టేకును బాడీకి కాకుండా నెక్‌కు దాచుకోమంటాను. దాని బిగువు నెక్‌లకు వాడే మేపుల్‌కు దగ్గరగా ఉంటుంది, బరువు దానికంటే కాస్త తక్కువ, కనుక తేలికైన గుమ్మడి బాడీ ఒళ్లో ఉన్నప్పుడు తల వైపు వాలదు. మిల్లుకు వెళ్లినప్పుడు చేవ లేని తెల్లని అంచు గాని, కణుపు గాని లేని పలకలను చూసి, ఒకే పలక నుంచి రెండు ముక్కలూ కోయించి, రశీదు తీసుకోండి. ఇంటికి తెచ్చిన రోజే తూచి, తేదీతో సహా ఆ బరువును పలక మీద రాయండి.